స్నానం చేసి వచ్చిన కొర్రమట్టలు

ఆ సీసా నా చిటికెన వేలి కన్నా చిన్నది. థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకెట్ల మధ్య హైదరాబాద్ నుంచి వరంగల్‌లోని మా ల్యాబ్‌కు వచ్చింది. మూత తీసి ఎంత వెతికినా మొదట ఐసు తప్ప ఏమీ కనిపించలేదు. అడుగున ఒక సంచి, సంచిలో ఒక కవరు, కవరులో ఆ సీసా. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల తడి అంటినట్టు కాస్తంత ద్రవం ఉంది. దీని కోసమా రోజూ గేటు దాకా పోయి, కొరియర్ వచ్చిందా కొరియర్ వచ్చిందా అని వాచ్‌మన్ ప్రాణం తీశానని నవ్వొచ్చింది. నవ్వుతూనే దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. మామూలుగా నేను ఏ వస్తువునూ రెండు చేతులతో పట్టుకునే మనిషిని కాను.

అందులో ఉన్నది యాంటీబాడీ. మన ఒంట్లోకి రోగక్రిమి వస్తే దాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్లు తయారవుతాయి కదా, అదే పద్ధతిలో ఒక కుందేలుకు ఒక ప్రోటీన్ ముక్కను చూపించి, ఆ ముక్కను మాత్రమే అంటుకునేలా తయారు చేయించినది. నాది ఈఆర్‌కే అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఈఆర్‌కే ప్రతి కణంలోనూ ఊరికే కూర్చుని ఉంటుంది. బయట ఏదో జరిగిందన్న కబురు అందగానే దానికి ఫాస్ఫేట్ అనే చిన్న గుర్తు తగులుతుంది. అప్పుడది లేచి ఆ కబురును కణం లోపలికి మోసుకుపోతుంది. నా యాంటీబాడీ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. గుర్తు తగలని ఈఆర్‌కే ఎదురుపడినా దానికి పట్టదు. గుర్తు తగిలిందా, వెళ్ళి కరుచుకుంటుంది. టోపీ పెట్టుకుంటేనే మనల్ని గుర్తుపట్టే పక్కింటాయన లాంటిదన్నమాట. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోను. వినేవాళ్ళు మాత్రం విసుక్కుంటారని సుబేదారిలో నాతో ఒకే గదిలో ఉండే అమ్మాయి మొహం మీదే చెప్పింది.

ఆ కబురును నేను చూడాలనుకున్నది చేప తోలులో. కొర్రమీను తోలులో. మావైపు దాన్ని కొర్రమట్ట అంటారు. బురదలో పడి ఉంటుంది, నీళ్ళు తగ్గితే తల బయటపెట్టి గాలి పీల్చి బతికేస్తుంది, ఒంటి మీద గీసుకుపోయిన చోటు ఇట్టే మాన్చుకుంటుంది. నెక్కొండ దగ్గర మా ఖాలా వాళ్ళు చేపల కుంట నడుపుతారు. ఖాలా అంటే మా అమ్మ చెల్లెలు. ఆమె భర్త నాకు ఖాలూ. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడికి పోతే, వలకు తగిలి తోలు లేచిపోయిన చేపను ఖాలూ తిరిగి కుంటలో వదలడం, కొన్నాళ్ళకు అదే చేప మచ్చ కూడా లేకుండా దొరకడం చూసేదాన్ని. అదే చేప అని నీకెలా తెలుసని మా గైడ్ సార్ అడిగారు. ఖాలూ చెప్పాడన్నాను. సైన్సులో ఖాలూ చెప్పాడంటే చెల్లదని ఆయన మెల్లగా అన్నారు. చెల్లేలా చేస్తానని నేను గట్టిగా అన్నాను.

మా సార్‌కు ఏ సంగతీ వెంటనే నమ్మే అలవాటు లేదు. ఏం చెప్పినా "చూద్దాం" అంటారు. నాకేమో ఆగడం రాదు. టీ చల్లారే దాకా కూడా ఆగలేక నాలుక కాల్చుకునే రకాన్ని. ఇద్దరం ఒకే ల్యాబ్‌లో ఎలా పడ్డామో ఆ దేవుడికే తెలియాలి. సీసాతో పాటు వచ్చిన కాగితంలో అది మనిషి, ఎలుక, చిట్టెలుక ప్రోటీన్‌లను గుర్తుపడుతుందని రాసి ఉంది. కొర్రమట్ట పేరు లేదు. ఎందుకుంటుంది? చేప నుంచి మనిషి దాకా ఈఆర్‌కే పెద్దగా మారలేదు కాబట్టి గుర్తుపట్టాలని నా వాదన. గుర్తుపట్టొచ్చు, పట్టకపోవచ్చు, అన్నిటినీ పట్టుకుని మనల్ని వెర్రివాళ్ళను చేయనూవచ్చని సార్ వాదన. చివరికి ఆయన ఒక షరతు పెట్టారు. నా పరిశోధన దేని మీదో ఖాయం చేసే రీసెర్చ్ కమిటీ కూర్చునేలోగా, దెబ్బ తగిలిన తోలులో యాంటీబాడీ అంటుకుని నల్ల గీత రావాలి, దెబ్బ తగలని తోలులో రాకూడదు. అలా చూపిస్తే చేప నాది. చూపించలేకపోతే, ముందరి స్కాలర్ ఫ్రీజర్‌లో వదిలిపోయిన ఎలుక కణాలతో బుద్ధిగా పీహెచ్‌డీ ముగించుకోవాలి. ఇంకో సీసా తెప్పించే మాటే లేదు.

ఎలుక కణాలతో నాకేం పగ లేదు. కానీ వాటిని నేను ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. కొర్రమట్టను పట్టుకున్నాను, అది జారిపోతుంటే కుంట గట్టు మీద పడీ లేచీ నవ్వాను. నాకు చేప కావాలి. అంత సూటిగా సార్‌తో చెప్పలేక, పరిశోధనలో కొత్తదనం ఉంటుందని ఏదో చెప్పాను.

ఖాలూ మొదటి విడత చేపలను పొద్దుటి ప్యాసింజర్‌లో తెచ్చాడు. మూతకు చిల్లులు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో, సగం దాకా నీళ్ళలో. వరంగల్ స్టేషన్ బయట ఆటో ఎక్కించి ల్యాబ్‌కు తీసుకొచ్చాను. మూత తీయగానే అందరూ చుట్టూ మూగారు. నల్లగా, నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మార్కెట్లో ఇంత శుభ్రమైన చేపలు చూడలేదని సార్ కూడా మెచ్చుకున్నారు. డబ్బాలోంచి ఖాలా వంటింటి వాసన ఏదో లీలగా తగిలి నాకు గట్టిగా ఆకలేసింది. మా ఇంటి చేపలంటే మజాకా కాదని ఖాలూ గొంతు సవరించుకుని చెప్పాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

చేపల మీద పనికి కావలసిన అనుమతి ముందే తెచ్చుకున్నాం. వాటిని ఉంచే ట్యాంకు మాత్రం లేదు. యాంటీబాడీ పనిచేస్తుందని తేలితే అప్పుడు అడుగుదాం, ఈ మొదటి పరీక్ష తాజా చేపలతోనే కానిద్దాం అన్నారు సార్. మత్తు కలిపిన నీళ్ళలో చేపలను నిద్రపుచ్చి, ఒకదాని తోలు మీద సన్నగా గీరాను. ఇంకోదాన్ని ముట్టుకోలేదు. కొంతసేపయ్యాక రెండింటి నుంచీ తోలు ముక్కలు తీసుకుని నూరి, అందులోని ప్రోటీన్‌లను జిగురు పలక లాంటి జెల్‌లో పరుగెత్తించి, తెల్లటి కాగితం లాంటి మెంబ్రేన్ మీదికి ఎక్కించాం. ఆ మెంబ్రేన్‌ను యాంటీబాడీ కలిపిన నీళ్ళలో ఊపుతూ ఉంచాలి. ఆ నీళ్ళను మేం పారబోయం. పచ్చడి ముక్కలు అయిపోయినా నూనె దాచుకున్నట్టు, వాడిన యాంటీబాడీ నీళ్ళను చిన్న గొట్టంలో పోసి ఫ్రిజ్‌లో దాచి మళ్ళీ మళ్ళీ వాడతాం. మా ల్యాబ్‌లోనే కాదు, నేను చూసిన ప్రతి ల్యాబ్‌లోనూ ఇంతే.

చివరికి మెంబ్రేన్‌ను ఇమేజింగ్ మిషన్‌లో పెడితే, యాంటీబాడీ అంటుకున్న చోటు తెర మీద నల్ల గీతలా తేలుతుంది. వెంటనే తేలదు. ముందు అంతా బూడిద రంగు. తర్వాత ఏదో నీడ. అది నిజంగా నీడేనా, నా కోరికా అని అనుమానం. నేను చూస్తుండగానే, సరిగ్గా ఈఆర్‌కే ఉండాల్సిన ఎత్తులో గీత నల్లబడుతూ వచ్చింది. కుందేలు ఒంట్లో పుట్టినది నెక్కొండ కొర్రమట్టను గుర్తుపట్టింది! నేను అరిచిన అరుపుకు పక్క గదిలోంచి మనుషులొచ్చారు. వాళ్ళను కూడా పట్టుకుని గంతులేశాను. ఎవరికి ముందు ఫోన్ చేయాలో తెలియలేదు.

సార్ మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని పక్క గీతను చూస్తున్నారు. పక్కన ఇంకో గీత ఉంది. ముట్టుకోని చేపది. అది కూడా అంతే నల్లగా ఉంది.

"కనవడ్డోళ్ళందరికి దండం పెట్టే రకమమ్మా ఇది," అన్నారు సార్. "దీని దండాన్ని నమ్మరాదు."

నమ్మొచ్చని నేను పోట్లాడాను. చేప రైల్లో వచ్చింది, దారి పొడుగునా కుదుపులకు డబ్బాకు కొట్టుకుని ఉంటుంది, దెబ్బ తగలని చేప అసలు మన దగ్గర లేదేమో అన్నాను. అది సార్‌కు కొంత నచ్చింది. ఈ మాట ఖాలూకు ఫోన్లో చెప్తే ఆయనకు మాత్రం కోపమొచ్చింది. తాను చేపలను కొట్టుకుంటూ తెచ్చానని అంటున్నానా అని నిలదీశాడు. రెండో విడతకు డబ్బాను నెక్కొండలో ఒళ్ళో పెట్టుకున్నవాడు వరంగల్ దాకా దించలేదు. దిగేసరికి ప్యాంటు తొడల దాకా తడిసిపోయి, కాళ్ళు తిమ్మిరెక్కి, ప్లాట్‌ఫారం మీద నిలబడలేక నా భుజం పట్టుకున్నాడు. చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చానని అన్నాడు. చేపలు ఈసారి ఇంకా మెరుస్తున్నాయి.

గీతలు మళ్ళీ రెండూ వచ్చాయి. మళ్ళీ రెండూ నలుపే.

ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. సార్ కోప్పడి ఉంటే బాగుండేది, ఆయన కోప్పడలేదు. గీత సరైన ఎత్తులోనే ఉంది కాబట్టి యాంటీబాడీ పట్టింది ఈఆర్‌కేనే కావచ్చు, కానీ చేపలో అది గుర్తు ఉన్నదానికీ లేనిదానికీ తేడా చూడడం లేదని, టోపీ ఉన్నా లేకున్నా పలకరించే పక్కింటాయనతో మనకు పని జరగదని, నా పోలికనే నాకు అప్పజెప్పారు. సీసా ఖాళీ అయింది. మిగిలింది గొట్టంలో దాచిన వాడేసిన నీళ్ళు మాత్రమే. కమిటీ దగ్గర పడుతోంది. ఎలుక కణాల డబ్బా ఏ ఫ్రీజర్‌లో ఏ అరలో ఉందో సార్ చూపించారు. నేను తల ఊపాను. తల ఊపుతూనే, ఇది నిజం కాదు, ఇందులో ఏదో ఉంది అని లోపల గింజుకుంటున్నాను. ఒకసారి అబద్ధం చెప్తే గీతలు కాస్త అటూ ఇటూగా ఉండాలి. రెండుసార్లూ అంత ధీమాగా, అంత నల్లగా ఎలా చెప్తుంది?

ఇక చేపలు అవసరం లేదన్న మాట ఖాలూకు ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆదివారం పొద్దున్నే రైలెక్కి నెక్కొండ పోయాను. ఆ రోజే ఆయన మూడో డబ్బాతో బయల్దేరాలి. ఇల్లు చేరేసరికి ఖాలూ అంగీ వేసుకుని తయారుగా ఉన్నాడు. ఖాలా పెరట్లో ఉందని చెప్పాడు.

ఖాలా పీట మీద కూర్చుని ఉంది. ముందు నీళ్ళ టబ్బు, పక్కన గిన్నెలో దొడ్డుప్పు, పసుపు, తౌడు కలిపిన ముద్ద. టబ్బులోంచి బతికున్న కొర్రమట్టను తల వెనక ఒడుపుగా పట్టి పైకి తీసి, బిస్మిల్లా అని, పిడికెడు తౌడు ముద్ద తీసుకుని తల నుంచి తోక దాకా, తోక నుంచి తల దాకా రుద్దుతోంది. చేప గిలగిల కొట్టుకుంటోంది. ఆమె దానితో మాట్లాడుతోంది, జర ఆగు, అయిపోయింది, జర ఆగు అని. రుద్దిన చేపను మంచినీళ్ళలో ముంచి, మెరుస్తున్నదాన్ని ఖాలూ డబ్బాలో వేసింది.

"ఏం జేస్తానవ్ ఖాలా?" అన్నాను.

"కనవడ్తలేదా బిడ్డా? స్నానం జేపిస్తాన."

"ప్రతిసారి చేపించే పంపినవా?"

"చేపియ్యకుంట పంపుతనా? పెద్ద సదువు సదివినోళ్ళ కాడికి పోవట్టె. జిగురు జిగురుగ పోతే నిన్నేమనుకుంటరు?"

ఆ ఇంట్లో అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కొర్రమట్టను ఎవరికైనా ఇచ్చేటప్పుడు జిగురుతో ఇవ్వరు. పక్కింటికి పంపినా, పెళ్ళివారికి పంపినా, ఉప్పు పసుపు తౌడు పెట్టి రుద్ది, వాసన లేకుండా చేసి ఇస్తారు. అలా ఇవ్వకపోతే ఇచ్చినవాళ్ళకు మర్యాద తెలియదని అర్థం. ఆ చేతి చేపల పులుసు తిని పెరిగినదాన్ని నేను. కానీ ల్యాబ్‌కు బతికున్న చేపలు కావాలన్నప్పుడు, వాటికి కూడా మర్యాద జరుగుతుందని నాకు తట్టలేదు. బతికున్నవి కదా, వాటికి స్నానమేంటి అని మనం అనుకుంటాం. నలుగురి మధ్యకు పోతున్నాయి కదా, స్నానం లేకుండా ఎలా అని ఆమె అనుకుంది.

చేప ఒంటి మీది జిగురు మురికి కాదు, దాని పైపొర. ఉప్పూ తౌడూ పెట్టి రుద్దితే జిగురుతో పాటు తోలు మీది కణాలు కూడా లేచిపోతాయి. నేను ల్యాబ్‌లో ముట్టుకోకుండా జాగ్రత్తగా పక్కన పెట్టిన చేప, అప్పటికే తల నుంచి తోక దాకా గీరుకుపోయి వచ్చిన చేప. దాని తోలులో ఈఆర్‌కే అంతా లేచి కబురు మోస్తూ ఉంది. యాంటీబాడీ ఆ సంగతి రెండుసార్లు మాతో చెప్పింది. మేమే వినలేదు.

నేను ఆ తడి పెరట్లోనే ఖాలాను వెనక నుంచి వాటేసుకుని ఊపేశాను. చేప ఆమె చేతిలోంచి జారి టబ్బులో పడి ఇద్దరి మీదా నీళ్ళు చిందాయి. ఏమైంది, దయ్యం పట్టిందా అని ఆమె తిట్టింది. నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే ఏం చెప్పను? అబద్ధం చెప్పలేదు ఖాలా, అది అబద్ధం చెప్పలేదు అని అదే మాట అంటున్నాను. ఎవరు అబద్ధం చెప్పలేదో ఆమెకు అర్థం కాలేదు. ఖాలూకు మాత్రం తన ఒళ్ళో ప్రయాణానికి అంటిన మచ్చ తొలగిందన్నంత వరకు అర్థమై, అరుగు మీద దర్జాగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

తౌడు అంటిన చేత్తోనే సార్‌కు ఫోన్ చేశాను. ఖాలా ఎలా రుద్దిందో ఆయన మొదటి నుంచి మళ్ళీ చెప్పించుకున్నారు.

"నువ్వు చెప్పేది నిజమైతే, యాంటీబాడీ ఆమె చేతిని పట్టేసింది," అన్నారు చివరికి. "కానీ మనం అనుకుంటే సరిపోదు. ఆ చెయ్యినే ల్యాబుకు తీస్కరా."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తు లేదు, పరుగెత్తడం మాత్రం గుర్తుంది. జంతుశాస్త్రం వాళ్ళను బతిమాలి ఒక ట్యాంకు సంపాదించాను. ఖాలూ స్నానం చేయని చేపలు తెచ్చాడు. వాటిని డబ్బాలోంచి ట్యాంకులోకి మారుస్తుంటే ఒకటి సర్రున జారి ల్యాబ్ నేల మీద పడి బల్లల కిందికి పాక్కుంటూ పోయింది. సార్‌తో సహా అందరం వంగి దాని వెంట పడ్డాం. నా చేతుల నిండా జిగురు. మంచి జిగురు, చిక్కటి జిగురు. ఆ చేపలను తిండి పెట్టి, ముట్టుకోకుండా, ట్యాంకు మీద బట్ట కప్పి నిమ్మళంగా ఉండనిచ్చాం. నాకు రోజూ బట్ట ఎత్తి చూడాలనిపించేది. చూస్తే చేపలు బెదురుతాయని సార్ నా చేతికి ఎలుక కణాల పేపర్లు ఇచ్చి దూరంగా కూర్చోబెట్టారు.

ఖాలా వచ్చిన రోజు పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. చేతిలో టిఫిన్ డబ్బా, దాంట్లో తౌడు ముద్ద. ఉప్పు, పసుపు ఇక్కడ దొరుకుతాయి కానీ తౌడు దొరకదేమోనని మొత్తం కలుపుకునే వచ్చింది. సార్ లేచి నిలబడి నమస్తే అమ్మా అన్నారు. ఆమె కొంగు సర్దుకుని, చేపలు బాగున్నాయా అని అడిగింది, పెళ్ళికిచ్చిన పిల్లల గురించి అడిగినట్టు.

నిద్రపుచ్చిన చేపలు మూడు. ఒకదాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. ఒకదాన్ని నేను గీరాను. మూడోదాన్ని ఖాలా చేతికిచ్చాం. చేతికి గ్లౌజులు తొడిగితే ఆమె వేళ్ళను అటూ ఇటూ తిప్పి చూసుకుని, వీటితో పట్టు దొరకదని అంది. పట్టు దొరకాలి, ఇంట్లో ఎలా చేస్తావో అలాగే చేయాలి అని సార్ గ్లౌజులు తీసేయించారు. ఆమె బిస్మిల్లా అంది. తల నుంచి తోక దాకా, తోక నుంచి తల దాకా. జర ఆగు అనబోయి, చేప కదలడం లేదని చూసి ఆగిపోయింది. కొంతసేపయ్యాక మూడింటి నుంచీ తోలు ముక్కలు తీసి, మునుపటిలాగే మెంబ్రేన్ మీదికి ఎక్కించాం.

ఆ రాత్రికి ఖాలా సుబేదారిలో నా గదిలోనే ఉంది. మర్నాడు గొట్టంలో దాచిన యాంటీబాడీ నీళ్ళు తీశాను. ఎన్నిసార్లు వాడేశామో, ఇంకా అందులో సత్తువ ఉందో లేదో తెలియదు. లేకపోతే మూడు చోట్లా ఏమీ రాదు, అప్పుడు నెగ్గిందీ లేదు, ఓడిందీ లేదు, కమిటీ ముందు ఖాళీ చేతులు. అందుకని సార్ ఇంకో పని కూడా చేయించారు. గుర్తు ఉన్నా లేకపోయినా ఈఆర్‌కేను పట్టుకునే ఇంకో యాంటీబాడీ పక్క ల్యాబ్‌లో ఉంటే అడిగి, అవే చేపల తోలుతో ఇంకో మెంబ్రేన్ చేయించారు. మూడింటిలోనూ ప్రోటీన్ సమానంగా ఉందని అది చెప్పాలి. ఏ చేపలో అది లేచి ఉందో నాది చెప్పాలి.

పక్క ల్యాబ్ వాళ్ళది ముందు పెట్టాం. మూడు గీతలు, మూడూ ఒకే తీరు. మంచిది. ఇప్పుడు నాది. తెర మీద బూడిద రంగు. ఖాలా నా పక్కన స్టూలు మీద కూర్చుని, ఎవరో టీవీ బాగు చేస్తుంటే చూసినంత ఓపికగా చూస్తోంది. నేను గోళ్ళు కొరుకుతున్నాను. రెండో చోట నీడ కదిలింది. నేను గీరినది. అది నల్లబడింది. మూడో చోట ఏదో మొదలైంది, మొదలై ఆగకుండా ముదిరింది, నా గీతను దాటిపోయి తారులా నల్లగా నిలబడింది. మొదటి చోట ఏమీ లేదు. ఇంకా ఉంచండి, ఇంకా ఉంచండి సార్ అని నేనే అన్నాను, ఏదైనా తేలేది ఉంటే తేలనీ అని. ఎంత ఉంచినా మొదటి చోటు తెల్లగానే ఉంది.

నేను అరవలేదు. అరుపు రాలేదు. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "చూశాం," అన్నారు. చూద్దాం తప్ప ఇంకో మాట అనని మనిషి. అప్పుడు అరిచాను. ల్యాబ్ అంతా అరిచింది. ఎవరో ఖాలాకు చేయి కలిపారు, ఎవరో స్వీట్లకు పరుగెత్తారు, సార్ కమిటీకి ఏ బొమ్మ ముందు పెట్టాలో అప్పుడే చెప్పడం మొదలుపెట్టారు. నేను ఏది ఎవరిదో ఖాలాకు వేలు పెట్టి చూపించాను. ఇది ముట్టుకోనిది, ఇది నేను గీరినది, ఇదిగో, ఈ అన్నిటికంటే నల్లనిది నీ స్నానం అని గొప్పగా చెప్పాను.

ఆమె నవ్వలేదు. మూడో గీత వైపే చూస్తోంది.

"ఇన్నేండ్లు రుద్దిన," అంది. "ఒక్కటి గూడ చెప్పలే."

ఆ గీత నొప్పిని కొలిచేది కాదని, తోలులోని కణాలకు ఏదో తగిలిందని తెలిసిందని, అంతవరకే మనం చెప్పగలమని సర్దిచెప్పబోయాను. అదంతా నిజమే.

"తెల్సుడంటే గదే గద బిడ్డా," అంది ఖాలా. తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాని మీద నెమ్మదిగా రాసుకుంది. స్వీట్లు వచ్చాయి. ఒకటి తీసుకుని కొంగు చివర ఖాలూ కోసం కట్టుకుంది.

కమిటీ నాకు చేపనే ఇచ్చింది. ఖాలా గీతను కూడా బొమ్మలో ఉంచాలని సార్ పట్టుబట్టారు. అదంతా తర్వాతి మాట. ఆ రోజు సాయంత్రం ఆమెను రైలెక్కించడానికి వరంగల్ స్టేషన్‌కు పోయాం. బండి రావడానికి ఇంకా టైమున్నందున బెంచీ మీద కూర్చున్నాం. ఆ బొమ్మ తన ఫోన్లోకి పంపమంది. పంపాను. కాసేపు తానే చూసుకుని, పక్కన సంచులతో కూర్చున్న ముసలమ్మ వైపు తిప్పింది. ఎవరో ఏమిటో తెలియని మనిషి. ఏం బొమ్మ ఇది అని ముసలమ్మ అడిగింది.

"మా బిడ్డ తీసింది," అంది ఖాలా. "గీ నల్లటి గీత నాది. నా చేతిది. గిది మా బిడ్డది. గీ మొదటిదుంది సూడు, దీన్ని ఎవ్వలం ముట్టుకోలే."

ఆ రెండు నల్ల గీతల మీద ఫోన్ అద్దానికి వేలు ఆనించి చూపించింది. ఆ తెల్లటి ఖాళీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, వేలు ఆననివ్వకుండా పైనుంచే చూపించింది.